తొమ్మిది వందల మంది సాక్ష్యం

మా డిపార్ట్‌మెంట్ మెట్లెక్కగానే ఎదురుగా, గోడంత టీవీ ఒకటుంది. దాన్ని మేం జాతకం అంటాం. అందులో మా అందరి ఫొటోలూ పైనుంచి కిందికి వరసగా ఉంటాయి, ఒక్కో ఫొటో పక్కన ఒక అంకె. అడుగుకు కాస్త పైన ఓ ఎర్రగీత. పొద్దున్నే ఎవరి గది తాళం వాళ్ళు తీసుకోకముందే అందరం ఓ కన్ను అటు పడేస్తాం. చూడనట్టు నటించేవాళ్ళే ఎక్కువసేపు చూస్తారు.

ఆ అంకె సంగతి చెప్పాలి. కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేసేవాళ్ళం పేపర్లు రాస్తాం. మన పేపరును ఇంకొకరు తమ పేపర్లో పేర్కొంటే అది ఒక సైటేషను. ఎన్ని సైటేషన్లుంటే మనిషి అంత గొప్ప, అంత పైన ఫొటో. పేపర్లో ఏముందన్నది వేరే సంగతి. దాన్ని లెక్కపెట్టే యంత్రం ఇంకా పుట్టలేదు.

ఎర్రగీత కింద ఉన్నవాళ్ళకు మరుసటి ఏడాది ఉద్యోగం ఉండదు. కిందటేడు అలా జారిపోయిన ఆయనది నా పక్క గదే. ఆయన పాఠం చెబితే వెనక బెంచీవాడు కూడా నోట్సు రాసుకునేవాడు. సెలవులయ్యాక వచ్చి చూస్తే తలుపుమీద పేరుపలక లేదు. పలక ఉన్నంత మేర తలుపు రంగు మాత్రం కొత్తగా మెరుస్తోంది. ఆ తలుపు దాటేటప్పుడల్లా నడక వేగం పెంచుతాను.

నాదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఈ ఏడు కమిటీ కూర్చుని నన్ను పర్మనెంట్ చేయాలో, పంపేయాలో తేలుస్తుంది. నాకున్న ధైర్యమంతా ఒకే ఒక్క పేపరు. ఎప్పుడో చదువుకునే రోజుల్లో ఒంటరిగా రాసుకున్నది. రాసిన కొత్తలో దాన్ని కుక్క కూడా పట్టించుకోలేదు. ఆ తర్వాత ఏమైందో ఏమో, నాలుగైదేళ్ళుగా జనం ఎగబడి పేర్కొంటున్నారు. తొమ్మిది వందలు దాటాయి. నా ఫొటో గీత దాటి పైకి పాకి, హెడ్డుగారి ఫొటోకు రెండు మెట్లు కింద కూర్చుంది. నేను కూడా ఎందుకని అడగలేదు. అదృష్టం తలుపు తడితే గుర్తింపు కార్డు చూపించమంటామా?

కొత్త సైటేషను వచ్చినప్పుడల్లా నా ఫోను టింగుమంటుంది. ఇంట్లో ఆ చప్పుడు అందరికీ తెలుసు. మా అత్తగారికి సైటేషను అంటే ఏమిటో మొదట్లో వివరించబోయాను. ఆవిడ సగంలోనే చెయ్యి ఊపేసింది.

"ఎవరో నిన్ను తలుచుకున్నారు, అంతేగా? దానికింత పాఠం దేనికే?"

అప్పట్నుంచి మా ఇంట్లో ఆ మాటే ఖాయమైంది. టింగుమంటే చాలు, వంటింట్లోంచి కేకేసేది. "అమ్మాయ్, ఎవరో తలుచుకున్నారు చూసుకో!" బడిలో లెక్కల మాస్టారైన మా ఆయన తల పైకెత్తకుండా, "నన్ను మాత్రం నా స్టూడెంట్లు తిట్టుకోవడమేగాని తలుచుకోవడం లేదు" అనేవాడు.

అలాంటి అత్తయ్యకు పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషను చేశారు. ఆపరేషను బాగానే జరిగింది కాని ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కొన్నాళ్ళు వార్డులో ఉంచి కనిపెట్టి చూడాలన్నారు డాక్టర్లు. వేలికి క్లిప్పు పెట్టారు. గుండె ఎలా కొట్టుకుంటోందో, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఆ క్లిప్పు చెబుతుందట. కమిటీ కూర్చునే వారమే ఇదంతా వచ్చిపడింది. పగలు సెలవు పెట్టి నేను, సాయంత్రం బడయ్యాక మా ఆయన, వంతులేసుకున్నాం.

పొడుగాటి వార్డు అది. రెండువైపులా కలిపి నలభై దాకా పడకలు. లోపలికి అడుగుపెట్టగానే నన్ను ఆశ్చర్యపరిచింది నిశ్శబ్దం. ఆస్పత్రి వార్డంటే మిషన్లు కుయ్యోమొర్రోమంటుండాలి కదా. ఇక్కడ చీమ చిటుక్కుమనడంలేదు.

"ఇంత ప్రశాంతంగా ఉందేంటి సిస్టర్?" అని అడిగాను.

నర్సమ్మ మొహం వెలిగిపోయింది. నడివయసు మనిషి, నడకలోనే ఓ హడావుడి. "కొత్త సిస్టం పెట్టారమ్మా. ఇదివరకు ఏ మిషను దాని పక్కనే అరిచేది. చెవులు చిల్లులు పడేవి. ఇప్పుడన్నిటి నోళ్ళూ మూసేశారు. హెచ్చరికలన్నీ మా టేబుల్ మీదున్న ఆ స్క్రీన్‌కే వస్తాయి. ఏది అర్జెంటో అదే తేల్చి పైన చూపిస్తుంది."

"ఏదీ తప్పిపోదా?"

"పోదని నిరూపించారంట. పెద్దపెద్ద వాళ్ళు." టేబుల్‌ సొరుగులోంచి నున్నటి రంగుల కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

అందులో నవ్వుతున్న డాక్టరు బొమ్మ, నిద్రపోతున్న రోగి బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో ఒకే వాక్యం. 'ఒక్క హెచ్చరిక కూడా తప్పిపోదని గణితపరంగా నిరూపితం.' ఆ వాక్యం చివర చిన్న అంకె. కాగితం అడుగున ఆ అంకె పక్కన పేరు ఉంది. నా పేరు.

ఒక్క క్షణం ఒళ్ళంతా పులకరించిందని ఒప్పుకోవాలి. నా పేపరు ఆస్పత్రిలో పనిచేస్తోంది! అత్తయ్యకు చూపించాలని నాలుగడుగులు వేశాను కూడా. ఐదో అడుగు పడలేదు. ఆ వాక్యం నేను రాయలేదు.

నేను రాసింది నాకు గుర్తుంది, చాలా పడకల హెచ్చరికల్ని అర్జెంటును బట్టి ఒకే వరసలో పేర్చే పద్ధతి. మొదటిసారి రాసిన పేపరును ఎవరూ మరిచిపోరు. అయినా గుర్తుమీద నమ్మకం చాలక, వరండాలో బెంచీమీద కూర్చుని ఫోనులో నా పేపరు తెరిచాను. ఉంది. 'జరిపిన పరీక్షలలో, పది పడకల వరకు, ఏ హెచ్చరికా తప్పిపోలేదు. పడకల సంఖ్య పెరిగినపుడు ఈ పద్ధతి సురక్షితమని చెప్పలేము.' చివరి పేజీలో ఇంకా విడమరిచి రాశాను. మరీ అర్జెంటు హెచ్చరికలు వరసగా వచ్చిపడుతుంటే, వాటికంటే ఓ మెట్టు తక్కువది వెనక్కి, ఇంకా వెనక్కి పోతుంది. అలా వెనక పడినదాన్ని ఎవరైనా చూసేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోవచ్చు. ఇదంతా బొమ్మ గీసి మరీ చూపించాను.

అంటే నేను జాగ్రత్త అని రాస్తే, లోకం ఫర్వాలేదు అని చదివింది. చదివిందా? నన్ను పేర్కొన్న పేపర్లు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాను. మొదటిదాంట్లో అదే వాక్యం. రెండోదాంట్లో అదే. ఇంకోదాంట్లో రెండు మాటలు అటూ ఇటూ చేసి మళ్ళీ అదే. 'ఏ హెచ్చరికా తప్పిపోదని నిరూపించబడింది', ఆ పక్కనే నా పేరు. తెరుస్తున్నకొద్దీ సంగతి తేటపడింది. తొమ్మిది వందల మందీ నన్ను చదివి పేర్కొనలేదు. ఒకర్ని చూసి ఒకరు ఎత్తిరాసుకున్నారు. మా వృత్తిలో ఇది అలవాటే. పక్కవాడి పేపరు చివర ఉన్న పట్టీలోంచి నాలుగు పేర్లు తెచ్చి మన పేపరు చివర అతికిస్తాం. పేరు పడ్డవాడికి అంకె పెరుగుతుంది, అతికించినవాడికి పని తగ్గుతుంది. ఇందులో ఎవరికి నష్టం అనుకుంటూ వచ్చాం.

వాక్యం ఎక్కడ పుట్టిందో చూద్దామని పాతవాటిలోకి వెళ్ళాను. అన్నిటికంటే ముందు అలా రాసింది ఒక సర్వే పేపరు. సర్వే అంటే సొంతంగా ఏమీ కనిపెట్టకుండా, ఆ రంగంలో ఎవరెవరు ఏం చేశారో పోగుచేసి చెప్పే పేపరు. చదివే ఓపిక లేనివాళ్ళందరికీ అదే దిక్కు కాబట్టి దానికి వచ్చినన్ని సైటేషన్లు ఇంక దేనికీ రావు. రాసింది మా హెడ్డుగారు. అలాంటి సర్వేల మీదే జాతకంలో అందరికంటే పైకెక్కారు గనక వెనకాల ఆయన్ను సర్వేగారు అంటాం.

లోపల నలభై పడకలు. అందులో ఒకదానిమీద మా అత్తయ్య.

ఆ సిస్టం చూసుకునే ఇంజినీరు కింది అంతస్తులో ఉంటాడంటే వెళ్ళాను. శుభ్రంగా తల దువ్వుకున్న కుర్రవాడు. నా పేరు చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మేడం, మీరా! మా ట్రైనింగ్‌లో మొదటి స్లైడే మీ పేరు."

"ఆ పేరుగలదాన్నే చెబుతున్నా బాబూ. నా పేపర్లో అలా లేదు. పది పడకలకు మించితే నమ్మొద్దని రాశాను. దయచేసి మిషన్ల నోళ్ళు మళ్ళీ తెరిపించండి."

అతను నవ్వాడు. నేను వినయం కొద్దీ అంటున్నాననుకున్నాడు. ఫోనులో పేజీ చూపించాను. చదివాడు. నవ్వు తగ్గింది. కంప్యూటర్లో ఇంకేదో పట్టీ తెరిచాడు.

"మేడం, తప్పుగా అనుకోకండి. ఇక్కడ తొమ్మిది వందల పేపర్లు నిరూపించారనే చెబుతున్నాయి. మీరొక్కరే కాదంటున్నారు."

"ఆ పేపరు రాసింది నేనయ్యా!"

"నిజమే మేడం. కాని పైవాళ్ళకు నేనేం చెప్పాలి? ఒకవైపు తొమ్మిది వందల మంది, ఇంకోవైపు ఒకరు." గొంతు తగ్గించాడు. "నిజం చెబుతున్నా, ఆపే అధికారం నాకు లేదు. ఒక్కటే రూలు ఉంది. మేం ఆధారంగా చూపించిన పేపరును, అచ్చువేసిన జర్నలే వెనక్కి తీసుకుంటే, ఆ రోజే సిస్టం ఆపేసి పాత పద్ధతికి మారాలి. అంతకుమించి ఎవరు చెప్పినా అర్జీ పెట్టుకోమనడమే."

పేపరు వెనక్కి తీసుకోవడమంటే మా లోకంలో బతికుండగా కర్మకాండ చేసుకోవడమే. దొంగతనమో, దొంగ లెక్కలో, ఘోరమైన తప్పో ఉంటేనే తీస్తారు. మొదటి పేజీ మీద అడ్డంగా ఎర్ర అక్షరాలు పడతాయి. దాని సైటేషన్లన్నీ జాతకం లెక్కలోంచి ఎగిరిపోతాయి. నా పేపర్లో తప్పేలేదు. నేనెందుకు తీసుకోవాలి?

హెడ్డుగారు మనసు పెడితే ఒక చిన్న సవరణతో పోతుందనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళాను. ఆయన కోప్పడలేదు. కూర్చోమన్నారు, మంచినీళ్ళు తెప్పించారు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"చూడమ్మా," అన్నారు అంతా విన్నాక, "ఆ వాక్యం వల్ల లాభపడింది ఎవరు? నీ పేపరును నలుగురి నోళ్ళలో పడేసిందే ఆ వాక్యం. నేనలా రాయకపోతే నువ్వీపాటికి గీత కింద ఉండేదానివి."

"మీ సర్వేలో చిన్న సవరణ వేయండి సార్. పది పడకల వరకు అని ఒక్క మాట."

"వేస్తే? ఒక్క వాక్యం తప్పంటే మిగతా వాక్యాలన్నీ తవ్వుతారు. మిగతావీ అలానే రాశాం మరి. వందల పేపర్లు కూర్చుని అక్షరం అక్షరం ఎవరు చదువుతారు?" ఆ మాట అనేసి, అన్నందుకు తానే కాస్త ఉలిక్కిపడ్డారు. ఆయన చెయ్యి గ్లాసు అంచు చుట్టూ తిరుగుతోంది. ఈయన కూడా భయపడుతున్నాడని అప్పుడర్థమైంది. అందరికంటే పైన ఫొటో ఉన్నవాడు అందరికంటే పైనుంచి పడతాడు. "ఎల్లుండి కమిటీ. నీ ఫైలు నా చేతుల్లోనే ఉంది. నీ మేలు కోరి చెబుతున్నా, ఈ రెండ్రోజులూ ఇంటి సంగతి చూసుకో."

మేలు కోరి చెప్పే మాటకు అంత వణుకు పుడుతుందని అంతకుముందు తెలియదు. మెట్లు దిగుతూ పక్కగది తలుపు చూడకుండా ఉండలేకపోయాను.

రాత్రి మా ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక చెప్పాను. "అమ్మను నర్సమ్మ టేబుల్ పక్కన పడకకు మార్పిస్తే?" అన్నాడు. దాని గురించి నేనూ ఆలోచించకపోలేదు. అత్తయ్యను మార్పిస్తే ఆ ఖాళీ పడకలోకి ఎవరి అత్తయ్యో వస్తుంది. అయినా, పిరికితనం అనండి, ఆశ అనండి, సరే అడుగుదాం అన్నాను. రెండ్రోజులు గడిస్తే చాలు. ఉద్యోగం ఖాయమయ్యాక గొంతు చించుకుని అరవొచ్చు. ఈ రెండ్రోజుల్లో ఏమవుతుంది?

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి వార్డులో రోగులకు ఒళ్ళు తుడుస్తున్నారు. తుడవడానికి ఒక్కొక్కరి వేలి క్లిప్పూ తీసి పక్కన పెడుతున్నారు. అత్తయ్య మాత్రం కునుకు తీస్తోందని ఆమెను చివరికి వదిలేశారు. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.

చెయ్యి చల్లగా ఉంది. మొహం చూశాను. నిద్ర కాదది. నోరు తెరుచుకుని ఉంది, ఊపిరి గొంతులోనే ఎక్కడో తట్టుకుంటోంది. పెదవులు నీలంగా మారుతున్నాయి. తల దగ్గరి మిషను మీద ఆక్సిజన్ అంకె ఎర్రగా వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. చప్పుడు లేదు. నోరు మూసేశారుగా.

"అత్తయ్యా!" అని కుదిపాను. కళ్ళు తెరవలేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సమ్మ టేబుల్ దగ్గరికి పరిగెత్తాను. అక్కడ ఆ స్క్రీన్ నిండా ఎర్రగళ్ళు. క్లిప్పు తీసిన ప్రతి పడకా 'గుండె ఆగింది' అని అరుస్తోంది. క్లిప్పు తీస్తే దానికి గుండె దొరకదు, దొరక్కపోతే ఆగిందనుకుంటుంది. నర్సమ్మ ఒక్కోదాన్ని వేలితో నొక్కి, "ఇదీ ఉత్తిదే, ఇదీ ఉత్తిదే" అని గొణుక్కుంటూ తీసేస్తోంది. ఒకటి తీసేలోపు రెండు కొత్తవి వచ్చి పైన కూర్చుంటున్నాయి. అత్తయ్య పడక నంబరు ఆ తెరమీదే లేదు. గుండె ఆగడం కంటే ఆక్సిజన్ తగ్గడం ఓ మెట్టు తక్కువ మరి. అది ఎక్కడో అడుగున, కనబడని వరసలో, తన వంతుకోసం ఎదురుచూస్తోంది. నా పేపరు చివరి పేజీలో నేను గీసిన బొమ్మ అక్షరాలా కళ్ళముందు కదులుతోంది.

"సిస్టర్! మా అత్తయ్య! ఊపిరాడ్డంలేదు!"

"స్క్రీన్ మీదేం లేదే..." అంటూనే ఆమె నా మొహం చూసి లేచింది. ఆ తర్వాత అన్నీ ముక్కలుముక్కలుగా గుర్తున్నాయి. మాస్కు, ఆక్సిజన్ గొట్టం, ఎవరో డాక్టరు నన్ను భుజం పట్టుకుని పక్కకు నెట్టడం, అత్తయ్య ఛాతీ ఒక్కసారిగా ఎగసిపడటం. పెదవుల నీలం మెల్లగా తగ్గింది. అప్పుడు మోగింది టేబుల్ మీది స్క్రీన్, తాపీగా, మర్యాదగా. అత్తయ్య పడక వంతు వచ్చింది.

ఇంజినీరు కుర్రవాడు పరిగెత్తుకొచ్చాడు. హెచ్చరికల పట్టీ అంతా తిరగేశాడు. "హెచ్చరిక వచ్చినట్టే నమోదైంది మేడం. తప్పిపోలేదు."

"ఎప్పుడొచ్చింది?"

అతను తెర నావైపు తిప్పాడు.

"నేను పరిగెత్తుకొచ్చి చెప్పాక వచ్చింది. ఇక్కడ నలభై మంది ఉన్నారు. అందరికీ పక్కన కోడలు కూర్చుని ఉంటుందా?"

"అర్జీ పెట్టండి మేడం, నేను కూడా సంతకం పెడతా," అన్నాడు. "కాని అర్జీ కదలడానికి నెలలు పడుతుంది."

వరండా బెంచీ మీద లాప్‌టాప్ తెరిచాను. జర్నల్‌వాళ్ళ సైటులో పేపరు వెనక్కి తీసుకునే పేజీ ఉంటుంది. కారణం చెప్పాలి. మూడే కారణాలు ఇచ్చారు. ఇతరుల రచన దొంగిలించాను. లెక్కలు కల్పించాను. ఫలితంలో ప్రమాదకరమైన తప్పుంది. నేను రాసింది సరైనదే, ఎవరూ చదవలేదు అనే గడి అందులో లేదు. ఎదురుగా ఆ మూడు గడులు. రేపు కమిటీ. ఇది నొక్కితే నా ఫొటో ఎక్కడికి పోతుందో తెలుసు. ఇంకే విశ్వవిద్యాలయమూ నన్ను గడప తొక్కనివ్వదని కూడా తెలుసు. తప్పు చేసినవాళ్ళకే ఇంత భయం ఉంటుందనుకునేదాన్ని.

మా ఆయనకు ఫోను చేశాను. జరిగిందీ, చేయబోయేదీ చెప్పాను. అవతల బడి గంట మోగుతోంది.

"తప్పు లేనిదాన్ని తప్పని ఒప్పుకుంటే ఎలా?" అన్నాడు. మళ్ళీ తనే, "నాకైతే చేతకాదు. నువ్వు చెయ్యి," అన్నాడు.

మూడో గడి నొక్కాను. దాని కింద ఖాళీలో ఒక్క వాక్యం రాశాను, 'దీనిమీద ఆధారపడి ఏ ఆస్పత్రీ హెచ్చరికల చప్పుడు ఆపకూడదు.' కారణాలు కాక, అర్జెంటు పనులకని 'ప్రాణానికి ముప్పు' అన్న గడి ఒకటి అడుగున విడిగా ఉంటే అదీ నొక్కాను. ఆ గడి ఉన్నందువల్ల మధ్యాహ్నానికల్లా ఎర్ర అక్షరాలు పడ్డాయి.

సాయంత్రం హెడ్డుగారు ఫోను చేశారు. ఈసారి మర్యాద లేదు.

"నీకేమైనా మతిపోయిందా? నీ పేపర్లో తప్పే లేదు! లేని తప్పు ఎందుకు ఒప్పుకున్నావు?"

"లేదని మీకెలా తెలుసు సార్? ఇప్పుడు చదివారా?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

కమిటీకి నేను వెళ్ళలేదు. వెళ్ళినా నా ఫైలు ముందే మూసేసి ఉంటుంది. నా ఫొటో ఎర్రగీత కింద, అందరికంటే అడుగున ఉందట. కిందటేడు పక్కగది ఆయన ఫొటో ఉన్న చోటే. గదిలోని పుస్తకాలు ఎప్పుడు తీసుకెళ్తారని ఆఫీసు నుంచి మర్యాదగా అడిగారు. నిజం చెప్పాలంటే ఆ ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. ధైర్యవంతులు ఏడవరంటారు. నేను ధైర్యవంతురాలినని ఎవరన్నారు?

ఆస్పత్రిలో మాత్రం మిషన్ల నోళ్ళు తెరిచారు. ఇప్పుడు వార్డంతా సంత. ఒకటి కీచుమంటే ఇంకోటి కూతపెడుతుంది. నర్సమ్మ చెవులు మూసుకుని నన్ను కోపంగా చూస్తోంది. కాని ఏ పడక అరిస్తే ఆ పడక దగ్గరికే పరిగెడుతోంది.

"ఏం గోలే ఇది, ఇంతకుముందు హాయిగా నిద్ర పట్టేది," అంది అత్తయ్య. మాస్కు తీసేశారు, గొంతుకు బలమొచ్చింది, విసుక్కోవడం మొదలెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇలాగే ఉండనీ అత్తయ్యా. నాకిప్పుడే నిద్రొస్తోంది," అన్నాను. నిజంగానే వచ్చింది. అన్నిరోజుల తర్వాత, ఆ అరుపుల మధ్య, కుర్చీలో తల వాల్చాను.

టింగుమంది ఫోను.

మొదట ఇంకో మిషను అనుకున్నాను. కాదు. వెనక్కి తీసుకున్న పేపరుకు ఇంక ఆ చప్పుడు రాకూడదు. తెరిచాను. 'అభినందనలు! మీ పేపరును కొత్తగా ఒకరు పేర్కొన్నారు.'

ఎవరో, ఎక్కడో, నాకు ముక్కూమొహం తెలియనివాళ్ళు. మొదటి పేజీ తెరిచి ఉంటే అడ్డంగా ఎర్ర అక్షరాలు కనబడేవి. తెరవలేదు. ఎవరి పట్టీలోంచో తెచ్చి అతికించారు. అదే వాక్యం, ఒక్క మాట మారలేదు. 'ఏ హెచ్చరికా తప్పిపోదని నిరూపించబడింది.' అందుకని తమ ఆస్పత్రిలో అన్ని మిషన్ల చప్పుడూ ఆపబోతున్నామని రాశారు. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల వార్డులో.

వాళ్ళ చిరునామా కోసం వెతకడం మొదలుపెట్టాను. ఉత్తరం రాస్తే మాత్రం, జాతకంలో అడుగున ఉన్నదాని మాట ఎవరు వింటారు?

అత్తయ్య కళ్ళు తెరవకుండానే అడిగింది. "ఎవరే, మళ్ళీ నిన్ను తలుచుకున్నారా?"

"అవునత్తయ్యా."

"ఎవరో మంచివాళ్ళే అయ్యుంటారు," అంటూ అటు తిరిగి పడుకుంది.